నరాల జబ్బుల మీద పరిశోధన మొదలుపెడుతున్న శ్రావణికి

అనంతపురం

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

కాళ్లు చేతులు బలహీనపడే నరాల జబ్బుల మీద నీ థీసిస్ కోసం కర్నూలు నుంచి నువ్వు పంపిన ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) రెండుసార్లు చదివాను. యాంటీబాడీలకు, జీన్ పరీక్షలకు కలిపి ఐదు పేజీలు రాశావు. పేషెంటు మంచం దగ్గర మొదటి రోజు ఏం చేస్తావో మాత్రం ఐదు లైన్లలో తేల్చేశావు. ఈ లెక్క తిరగబడాలమ్మా. సీరం దాచిపెడితే యాంటీబాడీ పరీక్ష ఆర్నెల్ల తర్వాతైనా చేయించుకోవచ్చు. చేరిన రోజు పాదం పైకి ఎత్తగలిగాడా లేదా అన్నది ఆ రోజే రాసుకోకపోతే ఇక దొరకదు.

ముందు సంఖ్య సరిచూసుకో. జీబీఎస్ (గులియన్ బారీ సిండ్రోమ్, ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల మీద పడి హఠాత్తుగా కాళ్లు చేతులు పడిపోయే జబ్బు) ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో 40 లక్షల చిల్లర ఉన్నారు. అంటే ఏడాదికి 40 నుంచి 80 కేసులు. వాళ్లలో కొందరు నేరుగా హైదరాబాదుకో బెంగుళూరుకో పోతారు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కొందరు నీ దగ్గరికే వస్తారు. పద్దెనిమిది నెలల్లో 200 అని రాశావు చూడు, అది కొట్టెయ్. 50 పెట్టుకో. ఆ యాభై మంది ఫారాల్లో ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు.

వ్యవధి దగ్గరే చాలా థీసిస్‌లు దెబ్బతింటాయి. జీబీఎస్‌లో బలహీనత నాలుగు వారాల్లోపు అడుగంటుతుంది. ఎనిమిది వారాలు దాటినా ఇంకా పెరుగుతుంటే సీఐడీపీ (అలాంటిదే, కానీ నెలల తరబడి సాగే జబ్బు) అనుకోవాలి. కానీ మనవాళ్లు వారాల్లో చెప్పరు. "శెనక్కాయ పీకేటప్పుడు మొదలైంది", "పీర్ల పండగకు బాగానే ఉన్నాడు" అంటారు. ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని, పక్కన క్యాలెండర్ చూసి తేదీ వెయ్. "రెండు నెలలుగా" అని నువ్వే గుండ్రంగా రాసేస్తే ఆ కేసు ఏ గంపలో పడుతుందో చివర్లో నీకే తెలియదు.

కాలి చెప్పు సంగతి తప్పకుండా అడుగు. "చెప్పు ఎప్పుడు ఊడిపోయిందో తెలీలేదు" అంటే స్పర్శ పోయింది. "జారుతోందని తెలుస్తోంది, పట్టుకోలేకపోతున్నా" అంటే వేళ్ల బలం పోయింది. దొడ్డికి కూర్చుని లేవలేకపోతే తొడ, తుంటి కండరాలు కూడా తగ్గాయని. సీఐడీపీలో పాదాలతో పాటు ఇవీ పోతాయి. సీఎంటీలో (షార్కో మారీ టూత్, వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బు) చాలా ఏళ్ల పాటు బలహీనత మోకాలి కిందే ఉంటుంది. బలాన్ని ఎంఆర్‌సీ (కండరాల బలానికి 0 నుంచి 5 వరకు మార్కులు) మొత్తంగా రాయి: భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, పాదం. రెండు వైపులా ఒక్కోదానికి 5, మొత్తం 60. ఒక్క ఊపిరిలో ఎంత వరకు లెక్కపెట్టగలడో కూడా రాయి. 20 దాటలేకపోతే థీసిస్ పక్కన పెట్టి ముందు ఐసీయూకి ఫోన్ చెయ్.

పేషెంటు 15 ఏళ్ల లోపు అయితే అది జీబీఎస్ అని నీకు ఎంత నమ్మకమున్నా ఏఎఫ్‌పీ (హఠాత్తుగా కాళ్లు చేతులు చచ్చుబడటం, పోలియో నిఘా కోసం) కింద తెలియజేయాల్సిందే. 14 రోజుల లోపు, 24 గంటల తేడాతో రెండు మలం నమూనాలు పోవాలి. పత్తి పండించే ఊళ్ల నుంచి వచ్చిన వాళ్ల దగ్గర ఇంకో ప్రశ్న ఉంది. రెండు మూడు వారాల కిందట పురుగుమందు తాగారేమో ఇంటివాళ్లను బయటికి పంపించి అడగాలి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు వల్ల ఆలస్యంగా కాళ్లు పడిపోయిన కేసు చూడ్డానికి అచ్చం జీబీఎస్‌లాగే ఉంటుంది. నలుగురిలో అడిగితే నిజం రాదు.

ఇక నెర్వ్ కండక్షన్ గది, అంటే నరానికి కరెంటు ఇచ్చి సంకేతం ఎంత వేగంగా పోతుందో కొలిచే చోటు. అక్కడ మొదటి శత్రువు ఏసీ. బయట 42 డిగ్రీలు, లోపల 20. అరగంట కూర్చున్నాడంటే పాదం చల్లబడిపోతుంది. చర్మం ఒక్క డిగ్రీ చల్లబడితే వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు తగ్గుతుంది, డిస్టల్ లేటెన్సీ (చివరి భాగంలో సంకేతం కండరాన్ని చేరే సమయం) 0.2 మిల్లీసెకన్లు పెరుగుతుంది. అంటే 27 డిగ్రీల పాదంతో మంచి నరం కూడా చెడ్డదిగా తేలుతుంది. చెయ్యి 32, పాదం 30 డిగ్రీలు దాటే వరకు గోరువెచ్చని నీళ్లలో పెట్టించి, తుడిచి, అప్పుడు మొదలుపెట్టు. ఫార్ములాతో సరిదిద్దుకుందాంలే అనుకోవద్దు, జబ్బుపడ్డ నరం ఆ ఫార్ములా మాట వినదు. ప్రతి షీటు మీద ఉష్ణోగ్రత, ఫిల్టర్ సెట్టింగు రెండూ ఉండాలి. లో ఫిల్టర్ మారితే కండర పొటెన్షియల్ (కండరం నుంచి వచ్చే విద్యుత్ తరంగం) వ్యవధి మారుతుంది, వ్యవధి మారితే డీమైలినేషన్ (నరం పైపొర మైలిన్ పోవడం) తీర్పే మారిపోతుంది.

రెండో తప్పు కరెంటు చాలకపోవడం. మైలిన్ పోయిన నరం, సీఎంటీలో తాడులా మందమైన నరం మామూలు ప్రేరణకు పలకవు. మణికట్టు దగ్గర పూర్తిగా పలికి మోచెయ్యి దగ్గర సగమే పలికితే అది కండక్షన్ బ్లాక్‌లా (సంకేతం దారిలో ఆగిపోయినట్టు) కనిపిస్తుంది. పొటెన్షియల్ ఇక పెరగడం లేదన్నాక కూడా కరెంటు ఇంకో 20 శాతం పెంచి చూడు. చేతిలోని అల్నార్ నరంలో ముంజేతి దగ్గర బ్లాక్ వస్తే, పక్కనున్న మీడియన్ నరం నుంచి అల్నార్‌కు అడ్డదారిన తీగలు పోయే మార్టిన్ గ్రూబర్ కలయిక ఉందేమో మీడియన్‌ను మోచెయ్యి దగ్గర ప్రేరేపించి చూసుకున్నాకే రాయి. కాలిలోని టిబియల్ నరంలో మోకాలి వెనక పొటెన్షియల్ తగ్గడం మామూలే, దాన్ని బ్లాక్ కింద లెక్కించకు. 2021 నాటి యూరోపియన్ సీఐడీపీ మార్గదర్శకాలు కూడా దాన్ని పక్కన పెట్టాయి. టేపు సంగతి చిన్నదే గానీ, 10 సెంటీమీటర్ల దూరంలో ఒక్క సెంటీమీటరు తప్పితే వేగంలో పది శాతం తప్పు.

జీబీఎస్‌లో మొదటి వారం పరీక్షతో రకం తేల్చవద్దు. అప్పటికి కనిపించేది ఎఫ్ వేవ్ (వెన్ను దాకా వెళ్లి తిరిగొచ్చే తరంగం) ఆలస్యమో, చేతి సెన్సరీ (స్పర్శ నరాల సంకేతం) పోయి కాలి సూరల్ నరానిది మిగలడమో, అంతే. మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య మళ్లీ చెయ్. మొదట డీమైలినేషన్‌లా కనిపించిన బ్లాక్, రెండోసారి పొటెన్షియల్ సాగకుండానే కోలుకుంటే అది ఆక్సాన్ (నరం లోపలి తీగ) రకమే. ఒకే పరీక్షతో రకాలు విడదీసిన థీసిస్‌ను నేనైతే నమ్మను.

నమూనాల క్రమం పట్టు తప్పకూడదు. ముందు సీరం, తర్వాత సీఎస్‌ఎఫ్ (వెన్ను నీరు), ఆ తర్వాతే ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు). ఐవీఐజీ ఎక్కాక తీసిన సీరంలో దాతల యాంటీబాడీలు కలిసిపోతాయి, సీఎస్‌ఎఫ్‌లో కణాలు, ప్రోటీన్ పెరగొచ్చు. మొదటి వారంలో ప్రోటీన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జీబీఎస్‌ను కొట్టెయ్యకు. సీఎస్‌ఎఫ్‌లో ఘన మిల్లీమీటరుకు కణాలు 50 దాటితే మాత్రం ఇంకేదైనా ఉందేమో వెతుకు. అయితే నమూనా కోసం మందు ఆపకూడదు. 60 కిలోల మనిషికి కిలోకు 2 గ్రాముల చొప్పున 120 గ్రాములు, రోజుకు 24 గ్రాములు, ఐదు రోజులు. బాటిళ్లు చేతికొచ్చేలోపు రక్తం తీసి పెట్టుకునేలా సిస్టర్లతో ముందే మాట్లాడుకో. సీరాన్ని అర మిల్లీలీటరు చొప్పున చిన్న గొట్టాల్లో విడదీసి మైనస్ 80లో పెట్టు. ఇంటి రకం ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ వద్దు, మంచు కరిగించుకోవడానికి అదే వేడెక్కుతూ ఉంటుంది. మంచుకు నిలిచే లేబులే అతికించు.

అసలు చిక్కు సీఐడీపీకీ సీఎంటీకీ మధ్య. సీఐడీపీ మందుకు లొంగుతుంది, సీఎంటీకి ఐవీఐజీ పోస్తే డబ్బే కరుగుతుంది. సీఎంటీ 1ఏ అనే రకంలో అన్ని నరాలూ ఒకే తీరున మందగిస్తాయి, చేతిలో వేగం సెకనుకు 38 మీటర్ల కంటే తక్కువ, తరచు 20 దరిదాపుల్లో. సీఐడీపీలో ఒక నరం చెడిపోయి పక్కది మిగులుతుంది. ఇంకో గుర్తు: సీఎంటీ మనిషికి మెషిన్ మీద సెన్సరీ ఏదీ రాదు, అయినా తిమ్మిరి ఉందా అంటే లేదంటాడు. ఎక్స్ క్రోమోజోమ్ సీఎంటీ మాత్రం అక్కడక్కడా మందగించి సీఐడీపీలా మోసం చేస్తుంది. సీఐడీపీ అనుకున్న ప్రతి పేషెంటు చెప్పులు విప్పించి పాదం వంపు, కొంకర్లు పోయిన వేళ్లు చూడు. మోచెయ్యి దగ్గర, మోకాలి పక్కన ఫిబ్యులా ఎముక మెడ దగ్గర, చెవి కింద నరాలు తడుము. కుష్టును "మినహాయింపులు" అన్న గడిలో పడేశావు. మందమైన నరం దొరికిన ప్రతిచోటా మచ్చ మీద స్పర్శ చూడకుండా దాన్ని మినహాయించలేవు.

వంశవృక్షం గీసేటప్పుడు "మేనరికమా?" అని ఒక్క ముక్కలో అడిగితే "కాదు సార్" అంటారు. "పెళ్లికి ముందు మీ ఆవిడ మీకు ఏ వరస?" అని అడుగు. అక్క కూతురు, అత్త కూతురు అన్నీ బయటికొస్తాయి. ముస్లిం కుటుంబాల్లో చిన్నాన్న, పెదనాన్న పిల్లల మధ్య కూడా సంబంధాలుంటాయి. తాతల తరం దాకా వెళ్లు. మేనమామ, మేనకోడలి పిల్లల్లో అంతఃప్రజనన గుణకం (ఒకే పూర్వీకుడి జీన్ రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం) 1/8, మేనత్త మేనమామ పిల్లల పెళ్లిలో 1/16. ఇక్కడొక గుంట ఉంది. రెండు తరాల్లో జబ్బు కనపడగానే డామినెంట్ (ఒక్క చెడ్డ జీన్ కాపీ చాలు) అని రాసేస్తారు. జబ్బున్న మనిషి అదే రక్తంలో క్యారియర్‌ను చేసుకుంటే రిసెసివ్ (రెండు కాపీలూ చెడితేనే వచ్చే) జబ్బు కూడా అలాగే దిగుతుంది. తండ్రి నుంచి కొడుకుకు దిగిన ఇంట్లో మాత్రం ఎక్స్ రకాన్ని ధైర్యంగా తీసెయ్.

జీన్ పరీక్షకు డబ్బు తక్కువ కాబట్టి క్రమం ముఖ్యం. వేగం తక్కువగా ఉంటే మొదట ఎంఎల్‌పీఏ (జీన్ కాపీలు లెక్కపెట్టే పరీక్ష) తో పీఎంపీ22 జీన్ డూప్లికేషన్ (అదనపు కాపీ) చూడు. ఎక్సోమ్ (జీన్లన్నీ ఒకేసారి చదివే పరీక్ష) దీన్ని తరచు వదిలేస్తుంది, రిపోర్టులో "ఏమీ లేదు" అని వస్తుంది. ఆక్సాన్ రకం, రిసెసివ్, కాళ్లలో కండ కరగడమే ఎక్కువగా ఉంటే 2020లో ఈ జబ్బుకు కారణమని బయటపడ్డ ఎస్‌ఓఆర్‌డీ జీన్ గుర్తుంచుకో. దానికి అచ్చం జంటలాంటి నకిలీ జీన్ పక్కనే ఉండటంతో మామూలు విశ్లేషణ తడబడుతుంది. సీరం సార్బిటాల్ కొలిస్తే తేలిపోతుంది.

సీఎంటీ వాళ్లు ఎక్కడుంటారంటే, వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుల్లో. చాలామంది సర్టిఫికెట్ మీద "పోలియో" అని ఉంటుంది. పోలియో ఒక కాలికి ఎక్కువ, ఒక కాలికి తక్కువ. జ్వరంతో మొదలవుతుంది, స్పర్శ పోదు. రెండు పాదాలూ సమంగా వాలిపోయి, అన్నకూ అలాగే ఉంటే అది పోలియో కాదు. మన దేశంలో సహజ (వైల్డ్) వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిది. ఆ తర్వాత పుట్టిన పిల్లకు ఆ మాట రాసి ఉంటే వెంటనే చూడు. ఎముకల ఓపీ వాళ్లకు కూడా ఒక మాట చెప్పి పెట్టు.

సమ్మతి పత్రం తెలుగుతో పాటు ఉర్దూలో, ఆదోని వైపు వాళ్ల కోసం కన్నడలో కూడా ఉండాలి. జీన్ రిపోర్టు పేషెంటు చేతికే ఇవ్వు, వెంట వచ్చిన బావకు కాదు. ఊరికెళ్లినప్పుడు అరుగు మీద అందరి ముందు ఆడపిల్ల పాదాలు చూడొద్దు. ఆ పిల్ల సంబంధం మీద పడుతుంది.

చివరగా ఫాలో అప్. మూడో నెల, ఆరో నెల అని రాశావు. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల వాళ్లు పత్తికీ మిరపకూ సుగ్గికి పోతే గుంటూరు వైపు నెలల తరబడి ఉంటారు. అక్టోబరులో చేరిన కేసు జనవరిలో నీకు దొరకదు. రెండు ఫోన్ నంబర్లు తీసుకో, ఒకటి ఊళ్లోనే ఉండే ముసలివాళ్లది. నడక స్కోరు ఫోన్లో అడిగి రాసుకోవచ్చు. నెర్వ్ కండక్షన్ రెండోసారిది మాత్రం డిశ్చార్జికి ముందే చేసెయ్, మూడు వారాలు నిండేదాకా మంచం మీద ఉన్నవాళ్లకైనా. మిగిలిన వాళ్లు ఉగాదికి తిరిగొస్తారు, ఆ వారం నీ గది ఖాళీగా పెట్టుకో.

నీ పెదనాన్న