సందేశం దారిలో చెడిపోతే?

ప్రశ్న: విమానానికి దారి చూపే ఉపగ్రహ సంకేతం మధ్యలో చెడిపోతే రిసీవర్‌కు ఎలా తెలుస్తుంది? మళ్లీ పంపమని ఉపగ్రహాన్ని అడగగలదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: అడగలేదు. విమానంలోని రిసీవర్ వినడమే కాని ఉపగ్రహానికి బదులు చెప్పదు. కనుక దోషాన్ని సరిదిద్దడానికి కావలసిన సరంజామా అంతా సందేశంతోపాటే రావాలి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కలిసి నెలకొల్పిన ‘గగన్’ వ్యవస్థనే చూద్దాం. జీపీఎస్‌లోని లోపాలను భూకేంద్రాలు లెక్కగట్టగా, ఆ సవరణలు భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానాలకు అందుతాయి.

సెకనుకు ఒకటి చొప్పున వచ్చే ఈ సందేశం పొడవు 250 బిట్లు. అందులో అసలు సమాచారానికి దక్కేవి 212. ఆరంభాన్ని గుర్తించడానికి 8, సందేశం ఏ రకమో చెప్పడానికి 6 పోగా, చివరి 24 పారిటీ బిట్లు, అంటే ముందున్న బిట్ల నుంచి లెక్కగట్టి తనిఖీ కోసం చేర్చినవి. ప్రసారానికి ముందు, దోషాలను సరిదిద్దుకోవడానికి వీలు కల్పించే కన్వల్యూషనల్ కోడ్ అనే పద్ధతి ప్రతి బిట్‌కూ రెండేసి చిహ్నాలను తయారుచేస్తుంది. అవి ఆ బిట్‌తోపాటు దాని ముందున్న ఆరు బిట్ల మీద కూడా ఆధారపడతాయి కాబట్టి, 500 చిహ్నాలలో అక్కడక్కడ కొన్ని రొదలో (సంకేతాన్ని చెడగొట్టే అవాంఛిత అలజడిలో) కలిసిపోయినా, అందినవాటికి అన్నిటికన్నా దగ్గరగా సరిపోయే బిట్ల వరుసను రిసీవర్ తేల్చుకోగలదు. ఇందుకు వాడే పద్ధతిని ఆండ్రూ విటర్బీ 1967లో ప్రతిపాదించాడు.

రొద మరీ ఎక్కువైతే ఈ పద్ధతీ పొరబడుతుంది. అప్పుడు తప్పులు విడివిడిగా కాక గుంపుగా వస్తాయి. పారిటీ బిట్ల పని సరిగ్గా ఇక్కడే. 24 బిట్లకు మించని ఏ ఒక్క గుంపు దోషమైనా వాటికి దొరికిపోతుంది. పూర్తిగా చెదిరిన సందేశం వాటి కన్నుగప్పే అవకాశం సుమారు 1.68 కోట్లలో ఒకటి. నా దృష్టిలో దోషాన్ని సరిదిద్దడం కంటే ఈ తనిఖీయే విమానానికి ముఖ్యం, ఎందుకంటే పోయిన సందేశం వల్ల జరిగే నష్టం ఒక్క సెకనే కాగా, తప్పుడు సందేశాన్ని నమ్మితే రన్‌వేకు దిగేటప్పుడు ఎత్తు లెక్కే తారుమారు కావచ్చు. అందుకే అనుమానం వచ్చిన సందేశాన్ని రిసీవర్ పారవేస్తుంది. సందేశాలు వరుసగా పోతుంటే తన స్థానంలో ఉండగల దోషానికి వేసుకున్న హద్దును పెంచుకుంటూ పోతుంది. నిలువు దిశలో అది 50 మీటర్లు దాటితే గగన్ ఆధారంగా దిగడం కొనసాగించరాదు. ప్రమాద హెచ్చరికలను మాత్రం, ఒకటి పోయినా మరొకటి అందేలా, వరుసగా నాలుగుసార్లు ప్రసారం చేస్తారు.

ఇదంతా సహజమైన రొద నుంచి రక్షణ మాత్రమే. ఎవరైనా కావాలని నకిలీ సంకేతాన్ని పంపితే, దానికి సరిపోయే పారిటీని కూడా వారే లెక్కగట్టి చేర్చగలరు కాబట్టి, ఈ కోడ్‌లు దానిని పట్టుకోలేవు.