పాత టీవీ గాజులోంచి సీసం ఎలా తీస్తారు?

డబ్బా టీవీ పిక్చర్ ట్యూబ్‌ని పగలగొట్టి యాసిడ్‌లో వేస్తే సీసం వచ్చేస్తుందా అని అడిగారు కదా, అంత తేలిగ్గా రాదు. ముందువైపు తెరలో ఎక్కువగా బేరియం, స్ట్రాన్షియం ఉంటాయి, అసలు తలనొప్పి వెనకున్న గరాటు భాగంతోనే, దాని బరువులో సుమారు 20-25 శాతం లెడ్ ఆక్సైడే (సీసం, ఆక్సిజన్ కలిసిన పదార్థం). అదేమీ పైపూత కాదు, గాజుకి మూలమైన సిలికా అల్లికలోనే ఇరుక్కుని ఉంటుంది, అందుకే ముక్కల్ని నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టినా పైపైన కాస్తే కరుగుతుంది. బాల్ మిల్లులో (గట్టి గుండ్లు వేసి తిప్పే నూరుడు డబ్బా) గంటల తరబడి మెత్తగా నూరితే ఆ అల్లిక చెదిరి యాసిడ్‌కి లొంగుతుంది. ఇంకో దారి కొలిమి: బొగ్గుపొడి కలిపి 1000 డిగ్రీల దాకా కాలిస్తే లెడ్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ని బొగ్గులోని కార్బన్ లాక్కుంటుంది, మిగిలిన సీసం బరువు కాబట్టి అడుక్కి దిగుతుంది. కొంత ఆవిరిగానూ లేస్తుంది, ఫిల్టర్లు తప్పనిసరి. ఇంట్లో మాత్రం సుత్తి పట్టుకోకండి, ట్యూబు లోపల గాలి ఉండదు, పగిలితే ముక్కలు మొహం మీదికే ఎగురుతాయి.