ప్రశ్నలు తయారుచేయడం కూడా కెరీరేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి రెండేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఇప్పుడు పెద్ద పరీక్షలకు ప్రశ్నలు తయారుచేసే రంగంలోకి వెళ్తానంటోంది. డేటా సైన్స్ కోర్సులో చేరమని మేం పోరుతున్నాం. రెండిట్లో ఏది మేలు?

జవాబు: తను అటు ఎందుకు వెళ్తానంటోందో మీరు ఒక్క ముక్కా రాయలేదు. అడిగారా అసలు? మీరు పోలిక అడిగారు గానీ, మీ టెన్షన్ వేరే. చుట్టాల ముందు చెప్పుకోవడానికి ఈ ఉద్యోగానికి పేరు లేదు, అంతేగా!

ఆ పనిలో ఏముందో ఒక ఉదాహరణ చూడండి. చేయి వదిలిన బంతి పైకి వెళ్తోంది. గాలి నిరోధాన్ని వదిలేస్తే దాని మీద ఉన్న బలం గురుత్వాకర్షణ ఒక్కటే. సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ‘చేతి బలం ఇంకా పైకి నెడుతోంది’ అన్న ఆప్షన్‌కు టిక్కు పెడతారు. అలాంటి తప్పు ఆప్షన్ రాయాలంటే పిల్లలు ఎక్కడ పొరబడతారో తెలియాలి. అది క్లాసులో నిలబడ్డ టీచరుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1992లో అమెరికా భౌతికశాస్త్రవేత్త డేవిడ్ హెస్టెనిస్ బృందం ఇలాంటి ప్రశ్నలతోనే ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ రూపొందించింది. బలం, చలనం పిల్లలకు నిజంగా అర్థమయ్యాయో లేదో చూసే పరీక్ష అది. దానికి ముందు హెస్టెనిస్ వాళ్లు తయారుచేసిన ఇలాంటి పరీక్షనే హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఇచ్చి, ఫలితాలు చూసి కంగుతిని, పాఠం చెప్పే పద్ధతే మార్చుకున్నారు.

ప్రశ్న రాశాక ట్రయల్ వేస్తారు. మొత్తం మీద మంచి మార్కులొచ్చినవాళ్లు తప్పు పెట్టి, వెనకబడినవాళ్లు సరిగ్గా పెడితే ఆ ప్రశ్నలోనే ఏదో తేడా ఉందని అనుమానించాలి. దీనికి స్టాటిస్టిక్స్ కావాలి, ఐటమ్ రెస్పాన్స్ థియరీ (జవాబులను బట్టి ప్రశ్న కష్టాన్నీ, రాసినవాళ్ల సామర్థ్యాన్నీ లెక్కగట్టే పద్ధతి) కావాలి. అంటే డేటాతో పని ఇక్కడా తప్పదు.

ఇక డేటా సైన్స్. రంగం చెడ్డదని అనను. కానీ కొద్ది నెలల సర్టిఫికెట్ పట్టుకుని వచ్చేవాళ్లు కుప్పలుతెప్పలు. ‘ఈ అంకె ఎందుకిలా వచ్చింది?’ అంటే నీళ్లు నమిలేవాళ్లను చాలామందిని చూశాను. చార్టులు గీయడం, చిన్నచిన్న కోడ్ రాయడం లాంటి తొలిమెట్టు పనులు ఏఐ కూడా చేసిపెడుతోంది. ఏదో ఒక సబ్జెక్టు లోతుగా తెలిసి, దానికి డేటా తోడైతేనే గిరాకీ. మీ అమ్మాయికి ఆ సబ్జెక్టు ఉంది. దాన్ని అటకెక్కించి ఓనమాల నుంచి మొదలుపెట్టమంటున్నది మీరు!

ఇబ్బందులూ ఉన్నాయి. పూర్తికాలపు ఉద్యోగాలు తక్కువ, చాలామందికి కాంట్రాక్టు పనే. గోప్యత వల్ల తను రాసిన ప్రశ్న ఇదీ అని చూపించుకోలేదు కూడా. అందుకే పాఠాలు మానకుండా స్టాటిస్టిక్స్ మొదలుపెట్టమనండి. తర్వాత సైకోమెట్రిక్స్‌లో (పరీక్షలతో సామర్థ్యాలను కొలిచే శాస్త్రం) పీజీ చేయొచ్చు, ఫిజిక్స్ బోధన మీద పరిశోధన చేయొచ్చు. రేపు మనసు మారి డేటా వైపు వెళ్లినా నేర్చుకున్నది వృథా పోదు. ఈలోగా తనని అడగకుండా ఆ కోర్సు ఫీజు మాత్రం కట్టేయకండి.