కొండ ఊళ్లలో చలికాలం మలేరియా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో కొండమీది ఊరు. ఇదివరకు మలేరియా వానలు వెనకబట్టాక వచ్చి, చలి ముదిరేసరికి పోయేది. ఇప్పుడు సంక్రాంతి దగ్గరపడినా జ్వరాలు ఆగడం లేదు. మందు కొడుతున్నారు, దోమతెరలు ఇచ్చారు. లోపం ఎక్కడ?

జవాబు: రోగిని కుట్టిన దోమ ఆ మర్నాడే జబ్బు అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో పెరిగి లాలాజలంలోకి చేరాలి. మలేరియా క్రిముల్లో ప్రమాదకరమైన రకం ఫాల్సిపారమ్‌కు 28 డిగ్రీల వేడిలో సుమారు 10 రోజులు చాలు. 20 డిగ్రీల్లో మూడు వారాలు దాటుతుంది, చాలా దోమలు ఈలోపే చస్తాయి. 18కి దిగువన పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని కాచింది ఈ చలే. అది పలచబడిన ఏడాది జ్వరాల కాలం సాగుతుంది. వానలు ఆలస్యంగా విడిచినా అంతే. కొండ ప్రాంతపు మలేరియా దోమ మురుగులో కాదు, మెల్లగా పారే గెడ్డ అంచున, గడ్డి మాటున గుడ్లు పెడుతుంది. గెడ్డ ఉరవడిగా ఉన్నప్పుడు పిల్లపురుగులు కొట్టుకుపోతాయి, నీరు నెమ్మదించాక పెరుగుతాయి.

ఇక మందు సంగతి. పిచికారీ అయ్యాక పండక్కి గోడలు అలికినా, సున్నం వేసినా మందు కింద పడిపోతుంది, దోమకు తగలదు. కాబట్టి ముందే అలికి, గోడ ఆరాక కొట్టించుకోండి. తర్వాత కనీసం రెండున్నర నెలలు గోడ ముట్టుకోవద్దు. దోమతెరను సబ్బుతో బకెట్‌లో ఉతికి నీడలో ఆరేయండి. బట్టల సోడా, ఎండ దాని మందును తినేస్తాయి. గెడ్డలో ఉతికితే చేపలు చస్తాయి. పోడు కాపలాకు వెళ్లేవారు తెర ఇంట్లో వదిలేయడం మామూలైపోయింది. దాన్ని వెంట తీసుకెళ్లండి.

జ్వరం వస్తే 24 గంటల్లో ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి. ఫాల్సిపారమ్ అయితే ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మందుల జోడీ) మాత్రలు మూడు రోజులూ పూర్తిగా మింగాలి, రెండో రోజు ప్రైమాక్విన్ ఒక మోతాదు. మలేరియాలో మరో రకమైన వైవాక్స్ అయితే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. నాలుగో రోజుకే జ్వరం తగ్గిందని మానేస్తారు, కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వరు. జీ6పీడీ (ఎర్రకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారికి ఇది ఎర్రకణాలను చిట్లగొడుతుంది. మూత్రం నల్ల టీ రంగులోకి మారితే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయికి సికిల్ సెల్. ఎండాకాలంలో ఒళ్లు నొప్పులు ఎక్కువవుతున్నాయి.

జవాబు: ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని సరిగా నిలుపుకోలేవు. అందుకే ఎండలో ఒళ్లు త్వరగా ఎండిపోయి, ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. దాహం వేసేదాకా ఆగొద్దు. ఉప్పు వేసిన పలచని అంబలి, మజ్జిగ మధ్యమధ్య తాగించండి, మూత్రం పలచని రంగులో ఉండాలి. నొప్పి మొదలైతే వెచ్చని కాపడం పెట్టండి. ఐస్ వద్దు, గెడ్డ చన్నీటి స్నానమూ వద్దు. చల్లదనం నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. డాక్టరు హైడ్రాక్సీయూరియా రాసి ఉంటే బాగున్న రోజుల్లోనూ మానకూడదు. జ్వరం 101 దాటినా, ఛాతీలో నొప్పి లేచినా, ఎడమ డొక్క ఉబ్బినా ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు, ఆస్పత్రికే వెళ్లండి.

ప్రశ్న: దాచిన మామిడి టెంకల పిండి అకాల వానకు తడిసింది. ఎండబెట్టి అంబలి కాచుకోవచ్చా?

జవాబు: వద్దు. బూజు విషం ఎండబెట్టినా, మరిగించినా పోదు. ఒడిశాలోని కంధమాల్‌లో 2024లో టెంక అంబలి తాగినవారు చనిపోయారు. రంగు మారినా, ముక్క వాసన వచ్చినా పారేయండి, పశువులకూ పెట్టకండి. వచ్చే ఏడాది టెంకలోని జీడి (పప్పు) పూర్తిగా ఎండాకే దాచండి. మూట నేలమీద కాక, గాలి ఆడేలా అటకమీద ఉండాలి.