గుడికి దూరమైతే దేవుడికి దూరమైనట్టేనా?

ప్రశ్న: మేము తిరుపతిలో స్థిరపడి ముప్పై ఏళ్లు దాటింది. పొద్దున్నే మిద్దె మీదికి వెళ్లి కొండ వైపు తిరిగి దండం పెట్టుకోనిదే నాకు ఏ పనీ మొదలుకాదు. నిరుడు మా నాన్నగారు పోయినప్పుడు, ఆయనకు నేనొక్కతే సంతానమైనా, ఆడపిల్ల కర్మ చేయకూడదని పురోహితుడు పట్టుబట్టి, నాన్నగారితో ముఖపరిచయం కూడా లేని దూరపు దాయాది చేత తలకొరివి పెట్టించారు. అప్పటి నుంచి గుళ్లకూ వ్రతాలకూ దూరమయ్యాను గాని, దేవుడి మీద నమ్మకం మాత్రం పోలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి “దేవుడు చాలమ్మా, మతం అక్కర్లేదు, ప్రపంచమంతా అటే పోతోంది” అంటుంది. మతం ఆసరా లేని భక్తి ఒక తరం దాటి నిలవదని మా వారు అంటారు. ఎవరి మాట నిజం? వచ్చే నెలలో నాన్నగారి సంవత్సరీకం ఎలా జరపాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, కన్నతండ్రికి చివరిసారి చేయవలసిన పని చేయనివ్వకుండా మిమ్మల్ని పక్కన నిలబెట్టడం అన్యాయం. ఆ బాధతో గుడి మెట్లెక్కడం మానేసినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

మీ అమ్మాయి చెప్పిన మాట పడమటి దేశాల వరకు చాలా మేరకు నిజం. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవారు 2011లో 59.3 శాతం ఉండగా 2021 నాటికి 46.2 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు 25.2 నుంచి 37.2 శాతానికి పెరిగారు. అమెరికాలో ఏదో ఒక ప్రార్థనా మందిరంలో సభ్యత్వం ఉన్నవారు 1999లో నూటికి డెబ్బైమంది కాగా, 2020లో 47 మందే అని గ్యాలప్ సంస్థ తేల్చింది. అయితే ఆ దేశంలో మతం లేదని చెప్పుకునేవారిలోనూ ఎక్కువమంది దేవుణ్ణో, ఏదో ఒక పై శక్తినో నమ్ముతూనే ఉన్నారు. మన దేశం సంగతి వేరు. ప్యూ పరిశోధన సంస్థ 2021లో వెలువరించిన సర్వేలో నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతున్నామన్నారు. కాబట్టి ఇక్కడ నమ్మకం తరగడం లేదు. దేవుడి పేరు చెప్పి శాసించే అధికారం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇళ్లలోకి వచ్చింది, మీ ఇంట్లోకి వచ్చినట్టే.

ఆ అధికారం అనాదిగా ఒకే చోట ఉన్నదీ కాదు. మీరు రోజూ దండం పెట్టుకునే కొండనే చూడండి. అక్కడి ఆలయ నిర్వహణ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది. 1843లో హథీరాంజీ మఠం మహంతులకు వచ్చింది. 1933లో దేవస్థానం కమిటీకి మారింది. అర్చకుల వంశపారంపర్య హక్కులను 1987 నాటి రాష్ట్ర చట్టం రద్దు చేయగా, సుప్రీంకోర్టు 1996లో ఆ చట్టాన్ని సమర్థించింది. పెత్తనం ఇన్ని చేతులు మారినా నడకదారిలో గోవింద నామం ఆగలేదు. మెట్టు మెట్టుకూ పసుపు పూసి కుంకుమ పెడుతూ వంగి వంగి ఎక్కే ఆడవాళ్లను అలిపిరిలో మీరూ చూసే ఉంటారు. వారికి ఆ పూజ చేయించే పురోహితుడెవరూ ఉండడు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు తరిగొండ వెంగమాంబ పదే పదే గుర్తుకు వచ్చింది. 1730లో పుట్టిన ఆ తల్లి బాల్యంలోనే భర్తను పోగొట్టుకుంది. వితంతువులకు నాటి ఆచారం విధించిన శిరోముండనానికి ఆమె ఒప్పుకోలేదని, శ్రీనివాసుడే తన భర్త అన్నదని, నిలదీయ వచ్చిన మఠాధిపతికి సైతం తలవంచలేదని మన ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరి పెద్దలకు కంటగింపైన ఆ మనిషే తిరుమల చేరి, అక్కడే తన శేషజీవితం గడిపింది. నేడు కొండ మీద రోజూ వేలమంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు; రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఇచ్చే ముత్యాలహారతి కూడా ఆమె పేరనే సాగుతోంది. పెద్దలు కాదన్న భక్తినే ఆలయం తన నిత్యసేవలో కలుపుకుంది. ఆమె అవమానం పడిన రోజుల్లో ఇది ఎవరూ ఊహించి ఉండరు.

ఇక మీ వారి మాటను కొట్టిపారేయలేను. అన్నమయ్య కీర్తనలు శతాబ్దాల పాటు గుర్తుకు రాని స్థితిలో పడి ఉన్నా, రాగిరేకుల మీద చెక్కించి గుడిలోని రాతి అరలో భద్రపరచినందువల్లే ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ మనకు దక్కాయి. చాలాకాలం చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, సత్యానికి దారి వేసే సంస్థ ఉండదంటూ తనను జగద్గురువుగా నిలబెట్టిన సంఘాన్ని 1929లో రద్దు చేశారు. ఆయన బోధను నిలపడానికీ చివరకు బడులు, ఫౌండేషన్లు అవసరమయ్యాయి. మనిషి ఒంటరిగా నమ్మగలడు గాని, ఆ నమ్మకాన్ని పిల్లలకు అందించాలంటే నలుగురూ కూడే చోటు ఒకటి కావాలి. మిద్దె మీద దండం పెట్టుకోవడం మీకైనా ఎవరో ఒకరు నేర్పే ఉంటారు గదా!

ఆ చోటు మఠమో పీఠమో కానక్కరలేదు. మన గంగజాతరకు చాటింపు వేసిన రాత్రి నుంచి వారం పాటు బైరాగి, బండ, తోటి, దొర వేషాలు కట్టి వీధుల్లో తిరిగేది ఊరి జనమే. మగవారు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. ఏ వేషం ఏ రోజున రావాలో, ఏ కుటుంబం ఏ బాధ్యత మోయాలో కట్టుబాటు గట్టిగానే ఉంది, అయినా ఆ కట్టుబాటు జనం చేతుల్లోనే ఉంది. కొండ మీది నుంచి స్వామి తరఫున చెల్లెలు గంగమ్మకు సారె వస్తుంది. మీకు పురోహితుడి మీద మనసు విరిగి ఉండవచ్చు. ఆ కారణంగా జాతరను, నడకదారిని, పండగనాటి పంక్తిభోజనాన్ని కూడా వదులుకోవద్దని నా మనవి.

సంవత్సరీకం మీరే చేయండి. ఆడపిల్ల చేత కర్మ చేయించడానికి ఒప్పుకునే పురోహితులు వెతికితే మన ఊళ్లోనే దొరుకుతారు. దొరకకపోతే నాన్నగారి గోత్రనామాలు మీరే చెప్పుకుని, నువ్వులూ నీళ్లూ మీరే వదలండి. ఇరుగుపొరుగును భోజనానికి పిలవండి. తలకొరివి పెట్టిన ఆ దాయాదినీ పిలవండి, ఆయన చేసిన తప్పేమీ లేదు. అమ్మాయిని ముందురోజే రమ్మని, పిండాలకు వండే బియ్యం ఆమె చేతనే కడిగించండి.