రెండో రౌటర్ కొనే ముందు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

రౌటర్ తరచూ ఆగిపోతోందని, కొత్తది కొని పాతదాన్ని స్పేర్‌గా ఉంచుకోవచ్చా అని అడిగావు. నీ పనంతా ఇంటి నుంచే కాబట్టి నీ టెన్షన్ నాకు అర్థమైంది. అయితే డబ్బు తీసే ముందు తప్పు రౌటర్‌దేనా అన్నది తేల్చుకో.

నెట్ పోయినప్పుడు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి చూడు. కేబుల్‌లో వస్తూ వైఫైలో రాకపోతే, రౌటర్ పెట్టిన చోటునో, పక్కింటి వైఫైలతో గొడవపడుతున్న ఛానల్‌నో (వైఫై నడిచే రేడియో దారి) ముందు అనుమానించాలి. వైఫై వాడే రేడియో బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి, వాటిలో ఖాళీగా ఉన్నదానికి మార్చి చూడు. కేబుల్‌లోనూ రాకపోతే ఫైబర్ బాక్స్ వైపు చూడు. దాని మీద ‘లాస్’ (LOS) అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతుంటే బయటినుంచే సిగ్నల్ రావడం లేదని అర్థం. అప్పుడు ఎంత మంచి రౌటర్ తెచ్చినా ఉపయోగం ఉండదు. ఇక రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంటే, చాలాసార్లు పాడైంది దాని అడాప్టరే అయి ఉంటుంది. కొత్త అడాప్టర్ వోల్టేజ్ పాతదానితో సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫర్వాలేదు. పిన్ సైజు, ప్లస్ మైనస్ గుర్తులు కూడా కలవాలి.

ఇంకో మాట. మీ ఇంట్లో ఫైబర్ తీగ నేరుగా వైఫై ఇచ్చే బాక్సులోకే వెళ్తోందా? అలాగైతే ఆ బాక్సును తీసి పక్కన పెట్టలేవు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి సిగ్నల్‌ని ముందుకు పంపేలా మాత్రమే, పెట్టమని కనెక్షన్ ఇచ్చినవాళ్లని అడుగు, నీ రౌటర్ దాని వెనక పనిచేస్తుంది. వాళ్లు ఒప్పుకోకపోయినా మామూలు వాడకానికి ఇబ్బంది ఉండదు. బయటినుంచి ఇంట్లోని కంప్యూటర్‌లోకి రావాలన్నా, కొన్ని ఆన్‌లైన్ ఆటలు ఆడాలన్నా మాత్రం చిక్కులొస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా తప్పు రౌటర్‌దే అని తేలితే, అప్పుడు కొనుక్కో. అట్ట మీద పెద్దక్షరాలతో ఉండే అంకెను నమ్మకు. ఏసీ1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్‌లో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్, ఈ రెండూ కూడి పైకి సవరించిన లెక్క. అది కూడా కాగితం మీద వేగమే, నీ ఫోన్‌కి అందేది అందులో కొంత. అంత రాసి ఉన్న కొన్ని రౌటర్లలో కేబుల్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే ఉంటాయి. నీ ప్లాన్ అంతకన్నా ఎక్కువైతే ఆ మిగతా వేగం పోర్టు దగ్గరే ఆగిపోతుంది. అందుకే అన్ని పోర్టులూ గిగాబిట్‌వేనా (1000 ఎంబీపీఎస్) అని ముందు అడుగు. వైఫై 6 ఉన్నది తీసుకో, ఇంట్లో పరికరాలు ఎక్కువయ్యేకొద్దీ దాని ఉపయోగం తెలుస్తుంది. వైఫై 7 కోసం ఇప్పుడు అదనంగా పెట్టక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకంటే దాన్ని వాడుకోగల ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మీ ఇంట్లో ఇంకా లేవు.

వేగం కన్నా నేను ఎక్కువగా చూసేది అప్‌డేట్లు. ఇంటి మొత్తానికి గుమ్మం లాంటిది రౌటర్, దానికి గడియ సరిగ్గా పడాలి. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజ్ పరికరాల్లోకి చొరబడింది. ఇళ్లలోని రౌటర్లను ఒకసారి ఆపి ఆన్ చేయండని అమెరికాలో ఎఫ్‌బీఐ ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. కాబట్టి కొనే ముందు తయారీదారు సపోర్ట్ పేజీలో ఆ మోడల్ తెరువు. చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) ఎప్పుడు వచ్చింది, ‘ఎండ్ ఆఫ్ లైఫ్’ అని, అంటే ఇక అప్‌డేట్లు ఇవ్వని మోడళ్ల జాబితాలో చేరిందా, ఈ రెండూ చూడు. కొన్నేళ్లుగా అప్‌డేట్ లేనిది ఎంత చవకగా దొరికినా వద్దు.

అప్పుడే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా గమనించు. రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద వీ1, వీ2 అని ఉంటుంది. మోడల్ పేరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరు కావచ్చు. ఎంతో పేరున్న లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లోనే 5వ వెర్షన్‌కి వచ్చేసరికి మెమరీ సగానికి తగ్గించి, లినక్స్ తీసేసి వేరే సిస్టమ్ పెట్టారు. పేరు చూసి కొన్నవాళ్లకి చేతికొచ్చింది వేరే వస్తువు. తర్వాతెప్పుడైనా కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకోవాలన్న ఆలోచన ఉంటే, అది నడిచేదీ నడవనిదీ కూడా ఈ వెర్షన్‌ని బట్టే ఉంటుంది.

ఇక స్పేర్ సంగతి. దానికి వేగం అక్కర్లేదు. అవసరమైన రోజున పెట్టగానే పనిచేయాలి, అంతే. మీ పాత రౌటర్ తనంతట తానే ఆగిపోయే రకమైతే దాన్ని స్పేర్‌గా ఉంచుకోవద్దు, దానికన్నా ఏమీ లేకపోవడం నయం. నువ్వు ఊళ్లో లేనప్పుడు మార్చాల్సింది అమ్మానాన్నలే కాబట్టి కొత్తగా కొనేదాని మోడలే, అదే వెర్షన్‌లో ఇంకొకటి కొనమంటాను. సెట్టింగుల ఫైలు ఒకదాంట్లోంచి తీసి రెండోదాంట్లో చాలావరకు వేసేయొచ్చు, ఏ తీగ ఎక్కడ పెట్టాలో కూడా అచ్చం అలాగే ఉంటుంది.

స్పేర్‌ని కొన్న వారంలోనే సిద్ధం చేసేయ్. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే అక్షరం తేడా లేకుండా పెట్టు, అప్పుడు టీవీ, కెమెరా, ఫోన్లు అన్నీ అడక్కుండానే కలుస్తాయి. కనెక్షన్ పీపీపీఓఈ రకమైతే, అంటే యూజర్‌నేమ్‌తో లాగిన్ అయితేనే నెట్ వచ్చేదైతే, ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కనెక్షన్ ఇచ్చినవాళ్లు వీలాన్ నంబర్ అని ఒకటి ఇచ్చి ఉంటే అది కూడా ఒక కాగితం మీద రాసిపెట్టు, నెట్ లేని రోజున అవి ఆన్‌లైన్‌లో వెతుక్కోలేవు కదా. కొందరు ప్రొవైడర్లు పాత రౌటర్ మ్యాక్ అడ్రస్‌నే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) గుర్తిస్తారు, అలాంటప్పుడు ‘మ్యాక్ క్లోన్’ అన్న ఆప్షన్ పనికొస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపేది), రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటినుంచి రౌటర్ సెట్టింగులు మార్చనిచ్చేది) రెండూ ఆపేయ్.

తర్వాత ఒక సెలవురోజు నిజంగానే మార్చి, రోజంతా దానిమీదే నడిపించు. ఈ పని మాత్రం దాటవేయకు, నీకెంత తీరిక లేకపోయినా సరే. మార్చేటప్పుడు ఫైబర్ బాక్సును కూడా కొన్ని నిమిషాలు ఆపి ఆన్ చెయ్యి, కొన్నిచోట్ల అలా చేస్తేగానీ కొత్త రౌటర్‌ని తీసుకోదు. అమ్మచేత ఒకసారి మార్పించు, నువ్వు పక్కన నిలబడి చూడు, చెయ్యి పెట్టకు. అయ్యాక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, అడాప్టర్ మీద రౌటర్ పేరు రాసి, రెండిటినీ కలిపి కట్టి, ఆ కాగితంతో సహా పెట్టెలో పెట్టు. కొన్ని నెలలకోసారి తీసి మళ్లీ అప్‌డేట్ చెయ్యి.

వెనక గదికి సిగ్నల్ కోసం స్పేర్‌నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే మొదటి రౌటర్‌కి కేబుల్‌తో కలిపి వైఫై పంచేదిగా, వాడదామని నీకు అనిపించవచ్చు. వాడుకోవచ్చు, దాని ఐపీ అడ్రస్ మొదటిదానితో కలవకుండా మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, లాన్ పోర్టులో కలిపితే చాలు. కానీ పిడుగు పడి తీగలగుండా కరెంటు ఎగదన్నితే రెండూ ఒకేసారి పోతాయి. ప్లగ్‌లో లేనిదే నీకు మిగులుతుంది. వెనక గదికి వేరేగా చూసుకుందాం.

ఎంచుకున్న మోడల్ పేరు, వెర్షన్ నంబర్ నాకు రాయి, సపోర్ట్ పేజీ నేను కూడా చూస్తాను. స్టిక్కర్ ఫొటో పంపితే పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తియ్యి.

ఇట్లు,
మీ మావయ్య