ఇవాళ ఎంత ఎత్తావురా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాకు 41 ఏళ్లు. పదేళ్లు వదలకుండా జిమ్‌కి వెళ్లాను. ఇదివరకు డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి రాడ్ ఎత్తడం) 140 కిలోలు చేసేవాణ్ని. రెండేళ్ల కింద ఒకరోజు తెల్లవారుజామున రాడ్ ఎత్తుతుంటే నడుం పట్టేసింది. నడుం కింది భాగంలో, ఎల్4-ఎల్5 వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ జారిందన్నారు. ఆపరేషన్ అవసరం పడలేదు కానీ మూడు నెలలు మంచం మీదే ఉన్నాను. లేచి తిరుగుతున్నానో లేదో నాన్నని హాస్పిటల్లో చేర్చాల్సి వచ్చింది. దక్కలేదు. ఖర్చులకి ప్లాటు అమ్మేశాను. ఆ తర్వాత ఉద్యోగం పోయింది. ఇప్పుడు తక్కువ జీతానికి మాదాపూర్‌లో చేస్తున్నాను. బరువులు మొదలుపెట్టొచ్చని డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పి ఎనిమిది నెలలైంది. మూడు జిమ్‌లలో ఏడాది ఫీజులు కట్టాను. ఎక్కడా వారం దాటలేదు. చివరిసారి 60 కిలోలు ఎత్తబోతుంటే పక్కన కుర్రాడు ‘అంకుల్, హెల్ప్ కావాలా?’ అన్నాడు. రాడ్ వదిలేసి కిందికొచ్చి సెల్లార్‌లో బండి మీద అరగంట కూర్చున్నాను. నా భార్య అయితే ‘మళ్లీ మంచం ఎక్కితే ఈసారి ఎవరు చూస్తారు?’ అంటోంది. ఇదివరకటి జోష్ ఎలా తెచ్చుకోవాలి? నేను సోమరినైపోయానా?

జవాబు: మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. అసలు ఉత్తరంలో ‘ఇదివరకు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాను. పదకొండు సార్లు.

ముందు ఆ కుర్రాడి సంగతి తేల్చేద్దాం. హైదరాబాద్‌లో ముందు జుట్టు కాస్త పలచబడితే ఎవరైనా అంకులే. ఆ మాటకి నొచ్చుకుంటూ కూర్చుంటే కూరగాయల బండి దగ్గరికి కూడా వెళ్లలేం. పక్కవాడు బరువు ముందు తటపటాయిస్తుంటే సాయం కావాలా అని అడగడం జిమ్‌లో మర్యాద. మీరూ ఆ పదేళ్లలో ఎంతోమందిని అడిగే ఉంటారు. వాడికి మీ 140 తెలీదు, మీ నడుం తెలీదు. ‘ఇదివరకు నేను’ అని చెప్పబోయి ఆగిపోయానని రాశారు. ఆగి మంచి పని చేశారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు ఉండేది. మీ విషయంలో నెయ్యి తాగిన తాతా మీరే, మూతి చూపించే మనవడూ మీరే, అదీ తంటా.

ఇక నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. దాన్ని మీరు మూడో పేజీలో, బ్రాకెట్లలో రాశారు. జిమ్ నుంచి రాగానే నాన్న పేపర్‌లోంచి తల ఎత్తకుండానే ‘ఇవాళ ఎంత ఎత్తావురా?’ అనేవారని. మొదటిసారి వంద కిలోలు అని చెప్పిన రోజు మాత్రం పేపర్ మడిచి, ‘అంటే నాలుగు బియ్యం బస్తాలు’ అన్నారని. బ్రాకెట్ మూసేసి మళ్లీ జిమ్ ఫీజుల గొడవలో పడ్డారు.

వారానికి నాలుగు రోజులనుకున్నా, పదేళ్లలో ఆ ప్రశ్న రెండు వేల సార్లు విని ఉంటారు. డెడ్‌లిఫ్ట్ అంటే ఏమిటో ఆయనకి తెలియకపోవచ్చు. పాతిక కిలోల బస్తా తెలుసు. కొడుకు రోజూ పొద్దున్నే లేచి ఏదో బరువు ఎత్తి వస్తున్నాడని తెలుసు. ఇప్పుడు మీరు జిమ్ నుంచి వస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. మూడు జిమ్‌లలోనూ నాలుగో రోజో అయిదో రోజో మానేశారు. అక్కడ బరువు ఎత్తడం కష్టమై కాదు, ఎత్తాక ఇంటికి రావడం కష్టమై మానేశారేమోనని నా అనుమానం. తప్పయితే తప్పని రాయండి.

సోమరి అన్న మాట మాత్రం తీసేయండి. మంచం, నాన్న, ప్లాటు, ఉద్యోగం, అన్నీ ఏడాదిన్నరలో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకదానికి ఏడుద్దామనుకునేలోపు ఇంకోటి తలుపు తట్టింది. పెద్దకర్మ అయ్యేదాకా వచ్చేపోయేవాళ్లు, భోజనాలు. అది కాగానే మరణ ధ్రువపత్రాలు, బ్యాంకు కాగితాలు, ప్లాటు రిజిస్ట్రేషన్. ఆ మధ్యలో మీరు నాన్న కోసం ఏడ్చారో లేదో ఉత్తరంలో ఎక్కడా లేదు. జిమ్ గురించి మాత్రం నాలుగు పేజీలు ఉంది.

జోష్ సంగతికొస్తే, మీ పరిస్థితి పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతలా ఉంది. జోష్ వస్తే వెళ్దామని మీరు, మీరు వెళ్తే వద్దామని జోష్. ఇద్దరిలో ముందు కదలగలిగేది మీరే. కాళ్లూ బూట్లూ మీకున్నాయి.

నా సంగతి ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కింద మా మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరిగింది. ప్లాస్టర్ తీశాక అన్నం కలుపుకోవడం వచ్చింది, పెన్ను పట్టడం వచ్చింది, జొన్నరొట్టె మాత్రం రాలేదు. చిన్నప్పట్నుంచీ చేతిమీద తట్టిన దాన్ని. మొదటి రొట్టె పెనం మీద వేస్తుంటే మధ్యకి చీలి పొయ్యి మీద పడింది. మా ఆయన ‘పోనీలే, బయట్నుంచి తెప్పిద్దాం’ అన్నారు. మంచికే అన్నారు గానీ నాకు అది ఆ కుర్రాడి ‘అంకుల్’లాగే వినబడింది. ఎనిమిది నెలలు పిండి డబ్బా మూత తియ్యలేదు. మళ్లీ మొదలుపెట్టింది అరచేతంత చిన్న రొట్టెలతో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. ఇప్పటికీ మునుపటంత పల్చగా రావు. తింటున్నాం.

మీరు ఒంటి గురించి కూడా భయపడుతున్నారు కాబట్టి తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. నేను డాక్టర్ని కాదు, మీ ఫిజియోథెరపిస్టు మాటే ఆఖరు మాట. పదేళ్లు చేసిన పని ఒళ్లు పూర్తిగా మరిచిపోదు. 2010లో ఓస్లో విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ గుండర్సన్ బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, వ్యాయామంతో కండరకణాల్లో పెరిగిన కేంద్రకాలు ఆ కండరం మళ్లీ చిక్కిపోయినా అలాగే మిగిలాయి. అవి ఎలుకలు, మనం మనుషులం, నిజమే. కానీ మానేసి మళ్లీ వచ్చినవాడికి కొత్తవాడికంటే తొందరగా బలం వస్తుందని ఏ జిమ్ ట్రైనర్‌ని అడిగినా చెప్తాడు.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. కండ తొందరగా తిరిగొస్తుంది, డిస్క్‌కి ఆ తొందర ఉండదు. పెద్దవాళ్ల డిస్క్‌లోకి రక్తనాళాలు దాదాపు వెళ్లవు, దాని మరమ్మతు నిదానం. రెండు నెలలు బాగా జరిగాక ఒకరోజు ఒళ్లు తేలిగ్గా అనిపిస్తుంది, ‘ఒక్కసారి వంద వేసి చూద్దాం’ అనిపిస్తుంది. జోష్ రావడం లేదని మీరు బాధపడుతున్నారు గానీ, నాకైతే అది వచ్చే రోజు గురించే ఎక్కువ టెన్షన్.

రెండోది, టైము. అప్పట్లో అయిదున్నరకి లేచి ఆరుకల్లా రాడ్ పట్టుకునేవాణ్నని రాశారు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్క్‌లు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉండేది అందుకే. ఆ ఉబ్బు తగ్గకముందే వంగి బరువు ఎత్తితే నడుం మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. అందుకని సాయంత్రం వెళ్లండి. మాదాపూర్ నుంచి వచ్చే ట్రాఫిక్ గురించి మీరు నాకు చెప్పక్కర్లేదు. ఎనిమిదింటికైనా సరే, మెట్రో దిగి నడిచేంత దూరంలో ఉన్న జిమ్ చూసుకోండి. సాయంత్రం వెళ్లడంలో ఇంకో మేలుంది. ఆ పేపర్ వేళకి మీరు ఇంటికి రారు.

వారానికి రెండు రోజులు చాలు. కండరాల బలానికి వారంలో కనీసం రెండు రోజులనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది. ఒక్కోసారి అరగంట. మొదటి నెల నేల మీంచి రాడ్ ఎత్తొద్దు. ఎనిమిది కిలోల డంబెల్ గుండెకి ఆనించుకుని బల్ల మీద కూర్చుని లేవడం, కేబుల్ లాగడం, ఇంకా ఫిజియో నేర్పిన నడుం వ్యాయామాలు. ఇంకో మూడుసార్లు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపేయాలి. మర్నాడు పొద్దున మంచం అంచున కూర్చుని సాక్సు తొడుక్కోండి. నిన్నటిలాగే తొడుక్కోగలిగితే బరువు సరిపోయినట్టు. కాలు పైకి లాక్కోవడానికి ఇబ్బందైతే వచ్చేసారి తగ్గించండి. మంట కాలి కిందికి పాకినా, పాదం జారిపోతున్నట్టున్నా ఆపి డాక్టర్ని కలవండి. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం ఆ గంటలోనే హాస్పిటల్‌కి పరుగెత్తాలి. ప్రోటీన్ పౌడర్ డబ్బాలు కొనకండి, గుడ్లూ పప్పూ పెరుగూ చాలు.

మీకు ఎవరో ఒకరు మీరాబాయి చాను కథ చెప్పే ఉంటారు. 2018లో నడుం నొప్పితో ఆసియా క్రీడలకి దూరమై, 2021లో టోక్యోలో 202 కిలోలతో రజతం గెలిచింది. గొప్ప విషయమే. కానీ ఆమెకి అదే పని, వెంట కోచ్, ఫిజియో ఉన్నారు. మీ వెంట ఈఎంఐలు ఉన్నాయి. ఆ కథ విని ఒకరోజు పొంగిపోయి, మర్నాడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇప్పుడు మీ ఆవిడ దగ్గరికి వద్దాం. ‘ఈసారి ఎవరు చూస్తారు?’ అన్నది మీకు దెప్పిపొడుపులా వినబడింది. నాకు మామూలు ప్రశ్నలాగే వినబడింది. ఆ మూడు నెలలు మిమ్మల్ని బాత్రూమ్‌కి నడిపించింది ఎవరు? పాపని స్కూల్‌కి పంపి, తన ఆఫీసుకి వెళ్లి, ఆ వెంటనే మామగారి హాస్పిటల్ డ్యూటీ కూడా చేసింది ఎవరు? మీ ఉత్తరంలో ఆమెకి ఉన్నవి రెండే వాక్యాలు, రెండూ ఫిర్యాదులే. మీ ఎమ్మారై ఫిల్మ్ బీరువా మీద పెట్టి ఉంచిందని కోపంగా రాశారు. ఆ కవరు ఆమె భయానికి రసీదు. దాన్ని కిందికి దించాలంటే మీ నోటిమాట చాలదు. ఒకసారి ఆమెని ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మీరు నోరు మూసుకుని కూర్చోండి, అడగాల్సినవన్నీ ఆమెనే అడగనివ్వండి. నొప్పి లేనివాళ్లకి కూడా స్కాన్‌లో డిస్క్ ఉబ్బు కనబడుతుందనీ, 2015లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం అలాంటివాళ్లు ఇరవై ఏళ్ల వయసులోనే 30 శాతం, ఎనభై ఏళ్ల వయసులో 84 శాతం ఉంటారనీ ఆయన చెప్తే, మీరు చెప్పినదానికంటే ఎక్కువ ధైర్యం వస్తుంది.

డబ్బు సంగతి కూడా ఆమె వైపు నుంచి చూడండి. ప్లాటు అమ్ముకున్న ఇంట్లో మూడు ఏడాది ఫీజులు నీళ్లలో పోశారు. ఫీజు కట్టిన రోజు వెళ్లినంత తృప్తిగా ఉంటుంది, అందుకే కట్టేస్తాం. ఈసారి ఒక్క నెలకే కట్టండి. ‘ఏడాదికైతే డిస్కౌంట్ సార్’ అంటారు. వద్దనండి.

అప్పుడు, ఒక రాత్రి పాప పడుకున్నాక, ఆ మూడు నెలలు ఎలా గడిచాయో ఆమెని అడగండి. మధ్యలో ‘నాకూ నొప్పే కదా’ అనకండి. అది ఆమెకి తెలుసు.

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదని ఉత్తరం చివర రాశారు. ఎన్నాళ్లుగానో రాయలేదు. రెండు వారాలు దాటి ఉంటే, తిండి మీదా మనుషుల మీదా కూడా ఆసక్తి పోతుంటే, దాన్ని జిమ్‌తో సరిపెట్టకండి. సైకియాట్రిస్టుని గానీ సైకాలజిస్టుని గానీ కలవండి. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలి-మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. ఉచితం, రాత్రి మూడింటికి చేసినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ‘నాకు అంత పెద్ద సమస్యేం లేదు’ అని మీరు అనబోతున్నారని తెలుసు. ఆ ఫోన్ చెయ్యాల్సినవాళ్లలో చాలామంది అనే మాట అదే.

మీ పాత నోట్‌బుక్ పారేయక్కర్లేదు. 140 అని రాసుకున్న ఆ పేజీ మీ నాన్న చూసిన మనిషిది. అట్టిపెట్టండి, కానీ జిమ్ బ్యాగులోంచి తీసి ఇంట్లో పెట్టండి. కొత్తది ఒకటి కొని పాపకి ఇవ్వండి. తొమ్మిదేళ్లంటున్నారు, కూడికలు బాగానే వస్తాయి. మీరు వచ్చి చెప్పిన అంకె తను రాస్తుంది. తాతయ్య బస్తాల్లో లెక్క కట్టేవాడని కూడా చెప్పండి. ఎనిమిది కిలోలంటే బస్తాలో మూడో వంతు కూడా రాదు. నవ్వుతుంది, నవ్వనివ్వండి.

మొదటి వారం ఎంత ఎత్తారో నాకూ ఒక కార్డు ముక్క రాయండి.